నంబరు చూస్తే చాలునా?

మా ఆస్పత్రిలో కుర్చీలో కూర్చుంటూనే చాలామంది అనే మొదటి మాట ఒకటి వుంది. "ఏం లేదండీ డాక్టరుగారూ, నంబరొక్కటి చూసి పంపించెయ్యండి, చాలు." కడుపునొప్పితో వెళ్ళినవాడెవడూ డాక్టరుతో "ఏం లేదండీ" అనడు. గుండె దడగా వుందని వెళ్ళినవాడు "నాడి ఒక్కటి చూసి పంపించెయ్యండి" అనడు. కంటి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎంత చదువుకున్న పెద్దమనిషికైనా కన్ను అంటే నంబరు, నంబరంటే కళ్ళజోడు. దర్జీకి చొక్కా కొలత ఇచ్చినట్టు కంటి కొలత ఇచ్చి పోదామని వస్తారు.

ఈమధ్య ఒకావిడ రాజమండ్రి నుంచి ఉత్తరం రాస్తూ, "కళ్ళజోళ్ళ షాపులో ఉచితంగా పరీక్ష చేస్తున్నారు గదా, మీవంటి వారి దగ్గరికి వచ్చి ఫీజు ఇచ్చుకోవడం దేనికి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. డబ్బు ఎవరికీ ఊరికే రాదు. అంచేత ఈ వారం ఆ నంబరు సంగతీ, నంబరుకు అవతల వున్న సంగతీ చెబుతాను.

ముందు మనుషుల్ని పోల్చుకుందాం. కంటి వ్యవహారంలో మీకు ముగ్గురు తారసపడతారు. అద్దాలను ఫ్రేములో బిగించి, మీ ముక్కుకూ చెవులకూ సరిపోయేట్టు సర్దేవాడు ఆప్టీషియన్. ఇదేం చిన్నపని కాదు. కనుపాప మధ్యకూ అద్దం మధ్యకూ పొత్తు కుదరకపోతే, ఎంత సరియైన నంబరైనా తలనొప్పి తెచ్చిపెడుతుంది. రెండవవారు ఆప్టోమెట్రిస్టు. ఒక ఏడాది శిక్షణతో కలిపి నాలుగేళ్ళ డిగ్రీ చదివి, చూపు కొలవడంలోనూ, కంట్లో తేడా వుందని పసికట్టడంలోనూ ఆరితేరినవారు. మా ఆస్పత్రిలో మీకు మొదట కనిపించేది వారే. మూడవవాడు నాబోటివాడు, కంటి వైద్యుడు. కంటి జబ్బుకు మందివ్వడం, అవసరమైతే కత్తి పట్టడం మా పని. ఊళ్ళో ముగ్గురినీ కలిపి "కళ్ళ డాక్టరు" అనేస్తారు. అక్కడ వస్తుంది చిక్కు. అందులోనూ కొన్ని షాపుల్లో పరీక్ష చేసే కుర్రాడు ఈ ముగ్గురిలో ఎవరూ కాడు. మిషను చీటీ మీద అచ్చు వేసిన అంకెలు చూసి అద్దాలు మారుస్తాడు, అంతే.

గోడమీద వుండే అక్షరాల పట్టిక వున్నదే, దాన్ని 1862లో స్నెలెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేశాడు. ఆరు మీటర్ల దూరం నుంచి చదవవలసిన వరుసను ఆరు మీటర్ల నుంచే చదివితే ఆరు బై ఆరు. మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదవగలిగేదాన్ని మీరు ఆరు మీటర్లకు దగ్గరైతేగాని చదవలేకపోతే ఆరు బై అరవై. (బయట బెంచీమీద కూర్చుని అక్షరాలు కంఠస్థం చేసి వచ్చే పిల్లలు లేకపోలేదు. పరీక్ష అనేసరికి మనవాళ్ళకు బట్టీ పెట్టాలనిపిస్తుంది కాబోలు.) ఈ పట్టిక నూటయాభై యేళ్ళ పైచిలుకు లోకానికి ఎంతో మేలు చేసింది. కాని అది చెప్పేదల్లా ఒక్కటే: సూటిగా ఎదుట వున్నదాన్ని కంటి నడిమి చూపు ఎంతవరకు పోల్చుకుంటోంది అని. పక్కచూపు సంగతి చెప్పదు. కంటి వెనక రక్తనాళాల సంగతి చెప్పదు. లోపలి ఒత్తిడి సంగతి అసలే చెప్పదు. అవన్నీ చూడడానికే మమ్మల్ని అన్నేళ్ళు చదివించారు.

ఆ చదువు ఎన్నేళ్ళంటారా? ఎం.బి.బి.యస్. నాలుగున్నరేళ్ళు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జను పని. అందులో కంటికి దక్కేది ఒక పేపరూ, కొద్ది వారాల వార్డు డ్యూటీను. ఆ తరవాత మళ్ళీ ప్రవేశపరీక్ష రాసి, సీటు వస్తే, కంటి శాస్త్రంలోనే మూడేళ్ళు ఎం.ఎస్. అదయ్యాక కూడా ఒక్క రెటీనా కోసమో, ఒక్క నీటికాసుల జబ్బు కోసమో, ఒక్క చంటిపిల్లల కళ్ళకోసమో ఏడాది రెండేళ్ళు విడిగా నేర్చుకునేవాళ్ళు వున్నారు. నేను ఎం.ఎస్.లో చేరిన రోజున మా పెద్దనాన్నగారు, "ఒళ్ళంతా చదివి చివరికి ఉసిరికాయంత దాని దగ్గర ఆగిపోయావుట్రా!" అన్నారు. ఆయన పోలిక బాగానే వుంది. కంటిగుడ్డు అడ్డుకొలత సుమారు ఇరవైనాలుగు మిల్లీమీటర్లు.

మొదటి ఏడాది మాకు నేర్పింది వైద్యం కాదు, చూడడం. ఇది చెబితే నవ్వుతారుగాని, కంటి డాక్టరుకు అన్నిటికన్న ఆలస్యంగా పట్టుబడే విద్య అదే. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మను పండితుడు బతికివున్న మనిషి కంటి వెనక గోడను చూసే పనిముట్టును లోకానికి వెల్లడించాడు. అంతకుముందు వైద్యులకు కనుపాప ఒక నల్లని రంధ్రం. లోపల ఏం జరుగుతున్నదీ ఊహించుకోవలసిందే. ఇప్పుడు మేము నెత్తికి దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం వంటి లెన్సు పట్టుకుని రెటీనాను చూస్తాము. అయితే అందులో కనిపించే బొమ్మ తలకిందులు. కుడి ఎడమయి, పైది కిందయి కనిపిస్తుంది. మొదటి మూడువారాలు నాకు కనిపించిందల్లా నా దీపమే. మా క్లాసువాళ్ళం ఒకరి కళ్ళలో ఒకరం మందుచుక్కలు వేసుకుని, సాయంత్రాలు ఒకరి రెటీనా ఒకరం చూసుకుంటూ, చూసినదాన్ని రంగు పెన్సిళ్ళతో కాగితంమీద గీసేవాళ్ళం. బొమ్మ సరిగా రాకపోతే మా ప్రొఫెసరుగారు ఆ కాగితం చింపి చేతిలో పెట్టేవారు. "నువ్వు గీయలేకపోయావంటే నువ్వు చూడలేదన్నమాట" అనేవారు. ఈనాడు మిషన్లు ఆ పొరలన్నిటినీ చిటికెలో ఫొటో తీసి ఇస్తున్నాయి. మంచిదే, నా దగ్గరా వుంది. కాని ఏ కంటికి ఏ ఫొటో తీయాలో చెప్పడానికి చూడడం వచ్చినవాడు ఒకడు వుండాలి గదా.

ఈ విద్యలో మన పక్కవారి చెయ్యి చాలా వుంది. 1819లోనే మద్రాసులో కంటికోసం ప్రత్యేకంగా ఆస్పత్రి వెలిసింది. ప్రపంచంలో బాగా పాత కంటి ఆస్పత్రులలో అదొకటి. ఎగ్మూరు కంటాస్పత్రి అంటే మన కోస్తా, రాయలసీమ ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ తెలుసు. రైలెక్కి అక్కడికి వెళ్ళి "పొర తీయించుకుని" వచ్చిన తాతలూ నాయనమ్మలూ ఎన్ని ఇళ్ళల్లోనో వుండేవారు. అక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన ఎలియట్ అనే దొర 1909 ప్రాంతంలో నీటికాసుల జబ్బుకు, కంటిగోడలో సన్నని రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషను ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పేరుమీదనే అది చాలాకాలం దేశదేశాల్లో చెల్లింది. ఊరూరా తిరుగుతూ సూదితో శుక్లాన్ని కంట్లోకే తోసేసి, చూపు వచ్చిందనిపించి, మర్నాటికి ఊరు దాటేసే నాటువైద్యుల చేతి పనిమీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. ఆ పద్ధతి సుశ్రుతుడి నాటిదే. అయితే సుశ్రుతుడు మర్నాడు కూడా రోగిని చూశాడు, వీళ్ళు చూడలేదు.

రెండవ ఏడు కత్తి చేతికి వచ్చింది. ముందు మనుషుల మీద కాదు లెండి. తెల్లవారుజామున మాంసం కొట్టు నుంచి మేక కళ్ళు తెప్పించి, వాటిని బల్లమీద బిగించి కోసి, కుట్టి, మళ్ళీ కోసి నేర్చుకున్నాము. కంటి ఆపరేషను చేసేవాడికి రెండు చేతులూ, రెండు కాళ్ళూ కావాలి. ఒక కాలికింద మైక్రోస్కోపు పెడలు, రెండో కాలికింద శుక్లాన్ని కరిగించే యంత్రం పెడలు. చూపు మైక్రోస్కోపులో, చేతులు కంటి దగ్గర. హార్మోనియం వాయించేవాడి అవస్థ నాకు అప్పుడు అర్థమైంది. లెన్సు వున్న సంచి వెనక గోడ మందం మిల్లీమీటరులో రెండు వందల యాభయ్యో వంతు. ఉల్లిపొర దానిముందు గోనెపట్టా. ఆ గోడ చిరగకుండా లోపలి శుక్లాన్ని తీసి, అదే సంచిలో కొత్త లెన్సు కూర్చోబెట్టాలి. నా మొదటి రోగి ఒక రైతు. మా ప్రొఫెసరుగారు నా పక్కనే కూర్చుని, నా వేళ్ళు ఏమాత్రం బిగుసుకున్నా మణికట్టుమీద చిన్నగా తట్టేవారు. నోటితో ఒక్కమాట అనలేదు. రోగి మెలకువగా వుంటాడు, అన్నీ వింటాడు.

నేను చేరినప్పుడు ఇంకా సోడాబుడ్డి కళ్ళద్దాల రోజులు పూర్తిగా పోలేదు. శుక్లం తీసేస్తే కంట్లో లెన్సు వుండదు, దానికి బదులు లావుపాటి అద్దాలు. ఆ అద్దాల్లోంచి చూస్తే ఎదుటి మనిషి దగ్గరికి వచ్చి మీదపడ్డట్టు వుంటాడు, మెట్టు వున్నచోట వుండదు. మా అమ్మమ్మ ఆ జోడుతో వీధి గుమ్మం దిగడానికి ముందు కాలితో తడిమి చూసుకునేది.

కంట్లోనే కొత్త లెన్సు పెట్టవచ్చుననే ఆలోచనకు యుద్ధం కారణం. బ్రిటిషు విమానాల కిటికీలు పగిలి ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగాయి. వాటిలో కొన్ని ముక్కలను కన్ను ఏమీ అనకుండా వుండనిచ్చిందని రిడ్లీ అనే లండను డాక్టరు గమనించాడు. ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించి 1949 నవంబరులో మొదటిసారి మనిషి కంట్లో పెట్టాడు. తోటి వైద్యులు చాలామంది ఆయన్ని ఏళ్ళ తరబడి తిట్టిపోశారు. కంట్లోది తీసేవాడు డాక్టరుగాని పెట్టేవాడు కాడన్నారు. చివరికి ఆ లెన్సే నిలిచింది. 1967లో కెల్మన్ అనే అమెరికా డాక్టరు, పళ్ళు శుభ్రం చేసే యంత్రం చూసి, అదే శబ్దతరంగంతో శుక్లాన్ని కరిగించి పీల్చే ఉపాయం కనిపెట్టాడు. ఇప్పుడు గాటు మూడు మిల్లీమీటర్లు కూడా వుండదు, కుట్టు అక్కరలేదు.

సరే, అవన్నీ సీమసరుకులు, మనబోటివాళ్ళకు అందేదెలా? ఆ సమాధానం మదురైలో దొరికింది. డాక్టరు వెంకటస్వామిగారని, కీళ్ళవాతంతో చేతివేళ్ళు వంకరపోయిన మనిషి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం తంటాలుపడి నేర్చుకుని, సర్కారు నౌకరీ నుంచి రిటైరయ్యాక 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. ఆ సంస్థవారే 1992లో కంటి లెన్సులను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టడంతో, దాని వెల మామూలు సంసారి భరించగలిగేంతకు దిగింది. మన వైపున, అమెరికాలో మంచి హోదాలో వున్న గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు తిరిగి వచ్చి 1987లో హైదరాబాదులో పెద్ద కంటి సంస్థను స్థాపించారు. "మిస్సమ్మ" డైరెక్టు చేసిన ఎల్.వి. ప్రసాద్‌గారి విరాళంతో, ఆయన పేరుమీదే. సినిమా డబ్బు సద్వినియోగం కాదని మా పెద్దనాన్నగారు తరచు అనేవారు. ఈ ఒక్క సంగతికి మాత్రం ఆయన మారుమాట్లాడలేదు.

శుక్లం గురించి ఇంతసేపు చెప్పానుగాని, నిజానికి శుక్లం మంచి జబ్బు. నేరుగా వస్తుంది, కనిపిస్తుంది, తీసేస్తే చాలామందికి చూపు వస్తుంది. మాకు నిద్రపట్టనివ్వనిది వేరే వుంది.

ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు నా దగ్గరికి వచ్చారు. ఆయన కూడా "ఏం లేదండీ" అనే అన్నారు. రెండేళ్ళలో మూడు జోళ్ళు మార్చారట. ఒక షాపులో ప్రతిసారీ నంబరు కొంచెం జరిపి కొత్త జోడు ఇస్తూ వచ్చారు. జోడు బాగానే వుంది, పట్టికలో చివరి వరుసకు ముందు వరుసదాకా చదివేశారు. పేపరూ చదువుతారు. మరి ఇబ్బంది ఏమిటంటే ఆయన చెప్పలేకపోయారు. పక్కన వున్న భార్యగారు అందుకున్నారు.

"ఈమధ్య మరీ పరధ్యానమైపోయిందండీ ఈయనకి. పక్కన పెట్టిన కాఫీగ్లాసు చేత్తో తగిలి పడేస్తారు. గుమ్మం చెక్కకి భుజం కొట్టుకుంటారు. మొన్న గుడిమెట్ల దగ్గర చివరి మెట్టు చూసుకోక పడబోయారు."

"వయసు మీదపడటంలే" అన్నారు మాస్టారు.

నాకు ఆ కాఫీగ్లాసు మాటతోనే సందేహం వచ్చింది. కంటి ఒత్తిడి చూశాను. మామూలుగా పదికీ ఇరవై ఒకటికీ మధ్య వుంటుంది. ఆయనకు ఒక కంట ముప్ఫైరెండు, రెండోదానిలో ముప్ఫై. చుక్కలు వేసి దృష్టినరం చూశాను. కన్నులోంచి మెదడుకు పోయే ఆ నరంలో పది పన్నెండు లక్షల పోగులుంటాయి. ఆయనకు కుడికంట నరం మధ్య గుంటపడి, అంచున సన్నని రిమ్ము మాత్రం మిగిలివుంది. పక్కచూపు పరీక్ష చేయిస్తే కాగితమంతా నలుపు, నడుమ ఒక చిన్న తెల్లని మచ్చ. మాస్టారు లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నారన్నమాట. గొట్టంలోంచి పట్టిక చదవవచ్చు, పేపరు చదవవచ్చు. కాఫీగ్లాసు కనిపించదు.

ఇదే నీటికాసులు, గ్లాకోమా అంటాము. నొప్పి లేదు, ఎరుపు లేదు. రెండు కళ్ళూ ఒకదాని లోటు ఒకటి కప్పేస్తాయి. లేనిచోట చీకటి కూడా కనిపించదు, మెదడు చుట్టుపక్కల బొమ్మతో అతుకు వేసేస్తుంది. అంచేత మనిషికి తెలియదు. హైదరాబాదులో 1996, 97లలో ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసినప్పుడు, నెమ్మదిగా ముదిరే రకం నీటికాసులు వున్నవారిలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా ఆ సంగతే ఎరుగరని తేలింది.

"ఇప్పుడు మందు వేస్తే తిరిగి వస్తుందా డాక్టరుగారూ?" అని అడిగారు మాస్టారు. ముప్ఫై యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. చుట్టుతిప్పి చెబితే ఊరుకోరు.

"పోయింది రాదండి మాస్టారూ. వున్నది నిలబెట్టడానికే మందు. రోజూ వెయ్యాలి, జీవితాంతం."

ఆయన కొంచెంసేపు ఊరుకుని, "అయితే రెండేళ్ళ క్రితం..." అని మొదలుపెట్టి ఆపేశారు. ఆ వాక్యం ఆయన పూర్తిచేయలేదు, నేనూ చేయలేదు. ఆ షాపు కుర్రాడు దగా చేశాడని కూడా అనలేను. అతనికి వచ్చింది అతను చేశాడు. నంబరు చూడమన్నారు, చూశాడు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, ముఖ్యంగా తోబుట్టువుల్లో. నేను పట్టుబట్టి మాస్టారి తమ్ముణ్ణీ, చెల్లెల్నీ పిలిపించాను. చెల్లెలికి ఏమీ లేదు. తమ్ముడు బ్యాంకిలో పనిచేస్తాడు, పట్టిక మొత్తం గడగడ చదివేశాడు, ఆరు బై ఆరు. "నాకెందుకండీ ఇదంతా" అన్నాడు. ఒత్తిడి ఇరవై ఎనిమిది. నరం ఒకచోట పలచబడడం మొదలైంది. పక్కచూపు మాత్రం దాదాపు నిండుగా వుంది. ఆ రాత్రి నుంచి చుక్కలు వేసుకుంటున్నాడు. ఆయన మా దగ్గరికి రావడం మొదలై ఏడేళ్ళయింది. పక్కచూపు కాగితం మొదటి నాటికీ నేటికీ పెద్ద తేడా లేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజున వస్తారు. అన్నగారికి తమ్ముడు చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతాడు.

ఒత్తిడి మామూలుగా వున్నా ఈ జబ్బు వచ్చేవారు వున్నారు. అందుకని ఒత్తిడి ఒక్కటి కొలిచి పంపేసినా పరీక్ష అయినట్టు కాదు, నరాన్ని చూడాలి. నలభై దాటినవాళ్ళంతా చత్వారం జోడుకోసం ఎలాగూ వస్తారు గదా, ఆ మొదటి జోడు రోజునే ఇదంతా చూపించుకుంటే మంచిది. చత్వారం మనకు ప్రకృతి పంపే పిలుపు చీటీ అని నాకు అనిపిస్తూ వుంటుంది.

చక్కెరవ్యాధి వున్నవారి సంగతి ఇంకొకటి. వ్యాధి బయటపడిన రోజుల్లోనే ఒకసారి, అక్కడనుంచి కనీసం ఏడాదికొకసారి రెటీనా చూపించుకోవాలి. చూపు బాగున్నా సరే. లోపల రక్తనాళాలు కారడం మొదలుపెట్టిన చాలాకాలానికిగాని చూపు తగ్గదు. ముందు తెలిస్తే లేజరు వుంది, ఇంజెక్షన్లు వున్నాయి. పొన్నగంటికూర తింటున్నామండీ అంటారు. తినండి, కూర మంచిదే. రెటీనాకు మాత్రం అది చాలదు.

ఇక కంటిచుక్కల విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. కన్ను ఎర్రబడితే మందులషాపుకు వెళ్ళి "ఎరుపుకు చుక్కలివ్వండి" అంటారు. అతనిచ్చే సీసాల్లో కొన్నింటిలో స్టీరాయిడ్ వుంటుంది. వేసిన పూటకే కన్ను తెల్లబడుతుంది, దురద పోతుంది, అమృతం అనిపిస్తుంది. వేసవి దురదలున్న పిల్లలకు ఆ సీసాను తల్లులు నెలల తరబడి వేస్తారు, అయిపోగానే ఖాళీ సీసా చూపించి మరొకటి తెస్తారు. దానివల్ల ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, చిన్నవయసులోనే శుక్లాలు వస్తాయి. పదిహేనేళ్ళ కుర్రాడికి డెబ్భై యేళ్ళ ముసలివాడి కన్ను చూశాను నేను. స్టీరాయిడ్ చెడ్డమందని కాదు, నేనూ రాస్తాను. రాసి, ఇన్నాళ్ళని చెప్పి, మధ్యలో పిలిచి ఒత్తిడి చూస్తాను. ఆ తేడాకే ఫీజు. చనుబాలు పిండడం, ఆముదం చుక్కలు, ఆకుపసర్లు కూడా వద్దు. కంట్లో గడ్డిపరక గుచ్చుకున్నప్పుడు పసరు పిండితే, పుండుపడి నల్లగుడ్డు మీద పువ్వు మిగులుతుంది. వరికోతల రోజుల్లో ఇలాంటివాళ్ళు మాకు తప్పనిసరిగా వస్తారు. మంచినీళ్ళతో కడిగి తిన్నగా వచ్చెయ్యండి. నందివర్ధనం పువ్వులు మూసిన రెప్పలమీద పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, చల్లగా వుంటుంది.

ఇంట్లో నెలలు నిండకుండా బిడ్డ పుట్టివుంటే ఈ ఒక్కమాట గుర్తుంచుకోండి. ముప్ఫైనాలుగు వారాలకు ముందుగాని, రెండు కిలోలకు తక్కువ బరువుతోగాని పుట్టిన బిడ్డకు ముప్ఫై రోజులలోపు కంటి వెనక పరీక్ష జరగాలి. మరీ ముందుగా, మరీ చిన్నగా పుట్టినవాళ్ళకు రెండు మూడు వారాలకే. వాళ్ళ రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా పెరగకుండానే పుడతారు, తరవాత అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను ఊడదీయవచ్చు. సమయానికి లేజరు చేస్తే చాలామంది పిల్లలకు చూపు దక్కుతుంది. బారసాలకని ఆగి, శూన్యమాసమని ఆగి, మూడో నెలలో తెస్తే అప్పటికి మా చేతుల్లో ఏమీ వుండకపోవచ్చు.

రాజమండ్రి ఆవిడకు నా జవాబు ఇది. షాపులో నంబరు చూపించుకోండి, తప్పులేదు. కాని ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి డాక్టరు చేత చుక్కలు వేయించుకుని చూపించుకోండి. డాక్టరు మీ ఒత్తిడి కొలిచారా, నరం చూశారా అని నిలబెట్టి అడగండి. మంచి డాక్టరు కోపగించుకోడు. ఫీజు బరువనిపిస్తే సర్కారు ఆస్పత్రి వుంది. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆస్పత్రివంటి చోట్ల ఇదంతా చూస్తారు. గుంపు వుంటుంది, ఓపిక పట్టాలి. వచ్చేటప్పుడు పాత కళ్ళజోళ్ళూ, పాత చీటీలూ, ప్రస్తుతం వాడుతున్న మందుల సీసాలూ అన్నీ పట్టుకురండి. ఇంట్లో ఎవరికి నీటికాసులు వచ్చాయో కనుక్కుని రండి. "మా మేనత్తకి ముసలితనంలో చూపు పోయిందండీ" అంటే, ఎందువల్ల పోయిందో కూడా అడిగి రండి.

చుక్కలు వేసిన రోజున అరగంట సేపు కళ్ళు మూసుకుని కూర్చోబెడతాము. ఆ తరవాత నాలుగైదు గంటలు దగ్గర అక్షరాలు అలికేసినట్టుంటాయి, ఎండ భరించలేరు. ఆ రోజు స్కూటరు తోలుకుంటూ రాకండి. ఎవరినైనా తోడు తెచ్చుకోండి. రేషను లైనూ, బ్యాంకి పనీ, పెళ్ళిపిలుపులూ మర్నాటికి పెట్టుకోండి.